తెల్లబట్ట చార్ట్‌లో ఏ కోడ్? క్లినిక్‌లోనే చేసే వజైనల్ ఇన్‌ఫెక్షన్ పరీక్షల మధ్య ఎంపిక

అమెరికా గైనిక్, ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్‌ల చార్ట్‌లు (పేషెంట్ రికార్డులు) చదివి బిల్లు కోసం కోడ్‌లు వేసే కోడర్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో చాలామంది ఉన్నారు. వాళ్ల వర్క్‌లిస్ట్‌లో రోజూ కనిపించే కేసు ఒకటుంది. పేషెంట్ తెల్లబట్ట, దురద, దుర్వాసన అని వస్తుంది. డాక్టర్ స్వాబ్ తీస్తారు, అక్కడికక్కడే పరీక్ష చేస్తారు, మందు రాస్తారు. చార్ట్ రెండు నిమిషాల్లో చదివేయవచ్చు. ల్యాబ్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి 87210, 87220, 87808, 87905, 87660, 81514 అన్నీ సరైనవిగానే కనిపిస్తాయి.

జబ్బు పేరు చూసి ల్యాబ్ కోడ్ వెతకడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఒక్కదాన్నే కనీసం నాలుగు పద్ధతుల్లో పట్టుకోవచ్చు, నాలుగింటికీ కోడ్‌లు వేరు. ల్యాబ్ కోడ్‌ను తేల్చేది పరీక్ష చేసిన పద్ధతి. జబ్బు పేరు చెప్పాల్సింది ఐసీడీ కోడ్, అంటే డయాగ్నోసిస్ కోడ్.

## ముందు చార్ట్‌లో వెతకాల్సినవి

పద్ధతి. స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద చూశారా? పేపర్‌తో పీహెచ్ చూశారా? ప్రెగ్నెన్సీ కిట్ లాంటి స్ట్రిప్ మీద గీత చూశారా? ట్యూబులో రంగు మారిందా? మెషిన్‌లో డీఎన్ఏ పరీక్షా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

స్లైడ్ చూసింది ఎవరు. మైక్రోస్కోప్ పరీక్షలకు ఇది చాలా ముఖ్యం, కోడర్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. కింద విడిగా రాశాను.

క్లినిక్‌కి ఉన్న క్లియా సర్టిఫికెట్. అమెరికాలో వైద్యం కోసం మనిషి నమూనా మీద ఏ పరీక్ష చేసినా క్లియా అనే ల్యాబ్ చట్టం కిందికే వస్తుంది. చిన్న క్లినిక్‌లకు సాధారణంగా రెండు రకాల సర్టిఫికెట్లలో ఒకటి ఉంటుంది. మొదటిది వేవర్, అంటే సులభమైన కిట్ పరీక్షలకు మాత్రమే అనుమతి. రెండోది పీపీఎం, అంటే కిట్ పరీక్షలతో పాటు, ప్రొవైడర్ (చికిత్స చేసే డాక్టర్ లేదా నర్స్ ప్రాక్టిషనర్ లాంటివారు) స్వయంగా చూసే కొన్ని మైక్రోస్కోప్ పరీక్షలకూ అనుమతి. మెషిన్‌లు పెట్టుకునే పెద్ద ప్రాక్టీసులకు పై స్థాయి సర్టిఫికెట్లు ఉంటాయి.

పేయర్, అంటే బిల్లు కట్టే బీమా సంస్థ. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) అడిగే కోడ్, కమర్షియల్ ఇన్సూరెన్స్ అడిగే కోడ్ ఒకే పరీక్షకు వేరుగా ఉండవచ్చు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల బీమా మెడికెయిడ్ సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఆర్డర్, రిజల్ట్. ప్లాన్‌లో "వెట్ ప్రెప్ చేశాం" (వెట్ మౌంట్ అన్నా ఇదే, తడి స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో చూడటం) అని ఉండి రిజల్ట్ ఎక్కడా లేకపోతే కోడ్ వేయకండి, ప్రొవైడర్‌కి క్వెరీ పెట్టండి. రిజల్ట్ లేని ల్యాబ్ చార్జ్ ఆడిట్‌లో నిలబడదు.

## ఒక్క చూపులో

కేఓహెచ్ అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. క్యూడబ్ల్యూ అంటే ఇది వేవర్ పరీక్ష అని చెప్పడానికి కోడ్ పక్కన పెట్టే రెండక్షరాల మాడిఫయర్. మోడరేట్ అంటే వేవర్ కంటే పై స్థాయి, మధ్యస్థ క్లిష్టత ఉన్న పరీక్ష.

| క్లినిక్‌లో జరిగింది | కోడ్ | ఉండాల్సిన సర్టిఫికెట్ | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|---|
| సెలైన్ లేదా కేఓహెచ్ వేసి వజైనల్ స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో చూశారు | 87210. మెడికేర్‌కి క్యూ0111, కేఓహెచ్ అయితే క్యూ0112 | పీపీఎం లేదా ఆపైన | క్యూ0111, క్యూ0112లకు క్యూడబ్ల్యూ ఉండదు |
| పేపర్‌తో పీహెచ్ | 83986 | వేవర్ చాలు | వేవర్ జాబితాలోని పేపర్ అయితే క్యూడబ్ల్యూ |
| ఎమీన్ పరీక్ష | 82120 | కిట్‌ను బట్టి | కేఓహెచ్ స్లైడ్ వాసన చూడటంతో కలపొద్దు |
| ట్రైకోమోనాస్ స్ట్రిప్ | 87808 | వేవర్ చాలు | క్యూడబ్ల్యూ |
| సియాలిడేస్ రంగు పరీక్ష | 87905 | వేవర్ చాలు | క్యూడబ్ల్యూ |
| డైరెక్ట్ ప్రోబ్, మూడు సూక్ష్మజీవులకు | 87480, 87510, 87660 | మోడరేట్ | కొన్ని పేయర్లు 87800 అడుగుతాయి |
| ఆంప్లిఫికేషన్‌తో ట్రైకోమోనాస్ మాత్రమే | 87661 | మెషిన్‌ను బట్టి | వేవర్ కిట్ అయితే క్యూడబ్ల్యూ |
| గ్రామ్ స్టెయిన్ | 87205 | పీపీఎం సరిపోదు | చిన్న క్లినిక్‌లో కనిపిస్తే అనుమానించండి |

## 87210, 87220: రోజూ జరిగే తప్పు

చార్ట్‌లో "కేఓహెచ్" అనే మాట కనపడగానే చేయి 87220 మీదికి వెళ్తుంది. ఎన్‌కోడర్‌లో (కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్) కేఓహెచ్ అని వెతికితే అదే ముందు వచ్చి కూర్చుంటుంది. కానీ ఆ కోడ్ వివరణలో ఉన్నది చర్మం, జుట్టు, గోళ్ల నమూనా. తామర, గజ్జి, గోరు ఫంగస్ లాంటి వాటికి అది. వజైనల్ స్వాబ్‌ను కేఓహెచ్‌తో చూస్తే 87210. ఆ కోడ్ వివరణలోనే సెలైన్, ఇండియా ఇంక్, కేఓహెచ్ ప్రిపరేషన్లు మూడూ ఉదాహరణలుగా ఉన్నాయి. నమూనా ఎక్కడిదో చూస్తే ఈ రెండింటి మధ్య ఎంపిక తేలిపోతుంది, అందులో పెట్టిన ద్రావణం చూడక్కర్లేదు.

కమర్షియల్ పేయర్‌కి 87210 పంపిన అదే పరీక్షకు మెడికేర్ పీపీఎం ల్యాబ్ నుంచి హెచ్‌సీపీసీఎస్ కోడ్‌లు (అక్షరంతో మొదలయ్యే వేరే జాబితా) ఆశిస్తుంది. వజైనల్, సర్వైకల్, చర్మ నమూనాల వెట్ మౌంట్‌కి క్యూ0111, కేఓహెచ్ ప్రిపరేషన్లన్నిటికీ క్యూ0112. మెడికేర్ అంటే అరవై అయిదు దాటినవాళ్లే అనుకుని చాలామంది ఈ కోడ్‌లు నేర్చుకోరు. వైకల్యం కారణంగా మెడికేర్ వచ్చిన చిన్న వయసు పేషెంట్లూ ఉంటారు. పైగా మెనోపాజ్ తర్వాత తెల్లబట్ట, మంట అంటూ వచ్చే వాళ్లు తక్కువేం కాదు.

సెలైన్ స్లైడ్ ఒకటి, కేఓహెచ్ స్లైడ్ ఒకటి చూస్తే? మెడికేర్‌లో రెండు విడి కోడ్‌లు ఉన్నాయి, రెండు రిజల్ట్‌లూ విడిగా రాసి ఉంటే ఆ త్రైమాసికం ఎన్‌సీసీఐ ఎడిట్‌లు (ఏ కోడ్‌లు కలిపి వేయకూడదో చెప్పే మెడికేర్ జాబితా) చూసి రెండూ వేయవచ్చు. కమర్షియల్‌లో రెండు స్లైడ్‌లూ ఒకే 87210 వివరణలో ఇమిడిపోతాయి కాబట్టి, రెండో యూనిట్ ఇస్తామని పేయర్ పాలసీలో రాతపూర్వకంగా ఉంటే తప్ప నా సలహా ఒక్క యూనిటే. ఇది విడి సేవ అని చెప్పే 59 మాడిఫయర్ తగిలించి రెండో యూనిట్ కోసం ప్రయత్నిస్తే వచ్చేది కొద్ది డబ్బు, తగిలేది ఆడిట్.

### మైక్రోస్కోప్‌లో చూసింది ఎవరు?

వేవర్ సర్టిఫికెట్ ఉన్న క్లినిక్ వెట్ మౌంట్‌కి బిల్ వేయకూడదు. పరీక్ష ఎంత సులభంగా కనిపించినా అది వేవర్ జాబితాలోది కాదు. పీపీఎం ఉంటే వేయవచ్చు, కానీ పేషెంట్ విజిట్‌లో ఉండగా ఆ డాక్టర్, నర్స్ ప్రాక్టిషనర్, ఫిజిషియన్ అసిస్టెంట్ లేదా నర్స్ మిడ్‌వైఫ్ తమ లేదా తమ గ్రూప్ ప్రాక్టీసు పేషెంట్ స్లైడ్‌ను తామే చూడాలి. మెడికల్ అసిస్టెంట్ చూసి రిజల్ట్ రాస్తే పీపీఎం షరతు తప్పినట్టే. అప్పుడు మోడరేట్ కాంప్లెక్సిటీ పరీక్షలకు అనుమతి ఉన్న సర్టిఫికెట్, దానికి తగ్గ సిబ్బంది ఉండాలి.

కాబట్టి చార్ట్‌లో రిజల్ట్ ఎంట్రీ ఎవరి లాగిన్ నుంచి పడిందో చూడండి. అసిస్టెంట్ పేరు ఉంటే, ఆవిడ టైప్ మాత్రమే చేశారా, స్లైడ్ కూడా ఆవిడే చూశారా అని క్వెరీ పెట్టాలి.

నియమం ఇంత గట్టిగా ఉండటానికి కారణం స్లైడ్ దగ్గరే ఉంది. ట్రైకోమోనాస్‌ను గుర్తుపట్టేది దాని కదలికను బట్టి. స్లైడ్ చల్లారినా, ఆలస్యమైనా కదలిక ఆగిపోతుంది, గంటలోపే సెన్సిటివిటీ (ఉన్న జబ్బును పట్టుకునే సామర్థ్యం) గణనీయంగా పడిపోతుంది. వెంటనే చూసినా కల్చర్‌తో పోలిస్తే వెట్ మౌంట్ సెన్సిటివిటీ 44 నుంచి 68 శాతమే అని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే వెట్ మౌంట్ నెగటివ్ వచ్చాక కూడా డాక్టర్ స్ట్రిప్ గానీ మాలిక్యులర్ పరీక్ష గానీ చేయించడం డూప్లికేట్ ఆర్డర్ అవ్వదు. లక్షణాలు అలాగే ఉన్నాయని నోట్‌లో రాసి ఉంటే మెడికల్ నెసెసిటీకి అది బలం.

## పీహెచ్, వాసన

83986 శరీర ద్రవాల పీహెచ్‌కి. 82120 వజైనల్ ద్రవంలో చేపల వాసన ఇచ్చే ఎమీన్లకు. రెండూ కలిపి చేసే కార్డుకు రెండు కోడ్‌లూ రాయమని ఈ అంకెల కోడ్‌లు ఉండే సీపీటీ పుస్తకమే సూచిస్తుంది.

తగువు వచ్చేది విఫ్ టెస్ట్ దగ్గర. స్లైడ్ మీద కేఓహెచ్ చుక్క వేసి, చేపల వాసన వస్తోందా అని చూసి, అదే స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెడతారు. దీనికి 87210తో పాటు 82120 కూడా వేయాలనే వాళ్లు ఉన్నారు. నేను వేయొద్దంటాను. ఆ వాసన చూడటం కేఓహెచ్ ప్రిపరేషన్‌లో భాగంగానే జరిగింది, విడి పరీక్షగా నిరూపించే కాగితం చార్ట్‌లో ఉండదు. ఎమీన్ కార్డు వాడి, దాని రిజల్ట్ విడిగా నమోదైతే 82120 నిక్షేపంగా వేయండి.

పీహెచ్‌కి అంకె కావాలి. "పీహెచ్ ఎక్కువ" అని రాస్తే సరిపోదు, "5.0" అని ఉండాలి. బ్యాక్టీరియల్ వజైనోసిస్ (బీవీ) నిర్ధారణకు వాడే ఆమ్సెల్ ప్రమాణాల్లో పీహెచ్ 4.5 దాటడం ఒకటి. పల్చటి ఏకరీతి డిశ్చార్జ్, క్లూ కణాలు (బ్యాక్టీరియా అంటుకున్న యోని కణాలు), విఫ్ పాజిటివ్ మిగతావి. నాలుగింటిలో మూడు ఉండాలి. అంకె రాసి ఉన్న చార్ట్ డయాగ్నోసిస్‌ను కూడా నిలబెడుతుంది.

## స్ట్రిప్, రంగు పరీక్షలు

మైక్రోస్కోప్ లేని క్లినిక్‌లకు, వేవర్ మాత్రమే ఉన్న అర్జెంట్ కేర్‌లకు ఇవే దిక్కు. ఓసామ్ ట్రైకోమోనాస్ ర్యాపిడ్ టెస్ట్‌కి 87808. కోడ్ వివరణలో "నేరుగా కంటితో చూసి" అనే షరతు ఉంది, స్ట్రిప్ మీద గీతను మనిషి చూస్తాడు కాబట్టి అది సరిపోతుంది. పది పదిహేను నిమిషాల్లో రిజల్ట్ వస్తుంది, మెడికల్ అసిస్టెంట్ చేసినా సమస్య లేదు. సెన్సిటివిటీ 82 నుంచి 95 శాతం అంటుంది సీడీసీ, అంటే వెట్ మౌంట్ కంటే ఎంతో మెరుగు.

ఓసామ్ బీవీబ్లూ సియాలిడేస్ ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. కోడ్ 87905. ఇది గార్డ్‌నెరెల్లా (బీవీలో కనిపించే బ్యాక్టీరియా) పరీక్షే కదా అని 87510 వేస్తే తప్పు. అది డీఎన్ఏ ప్రోబ్ కోడ్, ఇక్కడ జరిగింది ఎంజైమ్ చర్య.

రెండింటికీ క్యూడబ్ల్యూ మాడిఫయర్ మర్చిపోవద్దు. పీపీఎం సర్టిఫికెట్ ఉన్న క్లినిక్ అయినా వేవర్ పరీక్షకు క్యూడబ్ల్యూ పెట్టాల్సిందే. ఇక్కడ డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) వస్తే కారణం చాలాసార్లు ఈ రెండక్షరాలే.

## మాలిక్యులర్ పరీక్షలు

మొదట డైరెక్ట్ ప్రోబ్ (జన్యు పదార్థాన్ని పెంచకుండా నేరుగా వెతికేది), ఆంప్లిఫైడ్ ప్రోబ్ (పెంచి వెతికేది) విడదీయండి. అఫర్మ్ వీపీ3 డైరెక్ట్ ప్రోబ్. క్యాండిడాకు (ఈస్ట్) 87480, గార్డ్‌నెరెల్లాకు 87510, ట్రైకోమోనాస్‌కు 87660. మూడింటికీ మూడు విడి రిజల్ట్‌లు వస్తాయి కాబట్టి మూడు కోడ్‌లు. కొన్ని పేయర్లు మాత్రం వీటిని 87800 ఒక్కదానిలో కలపమంటాయి. ఆ పాలసీ కాపీ మీ క్లయింట్ ఫోల్డర్‌లో ఉండాలి, పక్క సీటు వాళ్లు చెప్పిన మాట చాలదు. ఈ పరీక్ష మోడరేట్ కాంప్లెక్సిటీ, వేవర్ క్లినిక్ నుంచి ఈ కోడ్‌లు వస్తే ఆగి చూడండి.

నమూనాలోని జన్యు పదార్థాన్ని పెంచి చూసేవి ఆంప్లిఫికేషన్ పరీక్షలు. ట్రైకోమోనాస్ ఒక్కటే అయితే 87661. విజ్బీ మెడికల్ సెక్సువల్ హెల్త్ టెస్ట్ వేవర్ స్థాయిలోనే క్లమిడియా, గనేరియా, ట్రైకోమోనాస్ మూడూ అరగంటలోపు చెబుతుంది. వాటికి 87491, 87591, 87661, మూడింటికీ క్యూడబ్ల్యూ.

పలు బ్యాక్టీరియా గుర్తులను కలిపి, లెక్క కట్టి, "వజైనోసిస్ పాజిటివ్" లేదా "నెగటివ్" అని ఒకే ఫలితం ఇచ్చే ప్యానెల్‌లకు 2021 నుంచి విడి కోడ్‌లు ఉన్నాయి. ఆర్ఎన్ఏ గుర్తులతో వజైనోసిస్ మాత్రమే చెబితే 81513. డీఎన్ఏ గుర్తులతో వజైనోసిస్, పక్కనే క్యాండిడా, ట్రైకోమోనాస్ కూడా చెబితే 81514. ఎక్స్‌పర్ట్ ఎక్స్‌ప్రెస్ ఎంవీపీ లాంటి ప్యానెల్‌కు 2025 నుంచి 81515, అంతకుముందు డేట్ ఆఫ్ సర్వీస్ అయితే 0352యూ. ప్యానెల్ కోడ్ వేశాక క్యాండిడాకు 87481, ట్రైకోమోనాస్‌కు 87661 అని విడిగా జతచేయకూడదు. 81514 కింద ఆ మాట స్పష్టంగా రాసి ఉంది.

స్వాబ్‌ను బయటి ల్యాబ్‌కి పంపితే ఈ కోడ్‌లేవీ క్లినిక్‌వి కావు, మెడికేర్‌కి ఆ ల్యాబే బిల్ వేస్తుంది. స్వాబ్ తీసినందుకు విడిగా కోడ్ లేదు. రిజల్ట్ మీద బయటి ల్యాబ్ పేరు ఉండి, చార్జ్ షీట్‌లో క్లినిక్ చార్జ్ పడి ఉండటం తరచూ కనిపించే పొరపాటు. ఆ పీడీఎఫ్ పైభాగంలో ఉన్న ల్యాబ్ పేరు, దాని క్లియా నంబర్ ఒక్కసారి చూడండి.

## డయాగ్నోసిస్ వైపు

బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కి ఎన్76.0, బి96.89 జతగా. ట్రైకోమోనాస్ అయితే ఏ59.01. క్యాండిడాకు బి37.3 పాతది. 2022 అక్టోబర్ 1 నుంచి అక్యూట్ అయితే బి37.31, మళ్లీమళ్లీ వచ్చేదైతే బి37.32. "ఈస్ట్ ఇన్‌ఫెక్షన్, ఈ ఏడాది నాలుగోసారి" అని రాసిన చార్ట్‌కి బి37.31 వేయడం సరికాదు. రికరెంట్ అని ప్రొవైడర్ మాటల్లో ఉందో లేదో చూసి, లేకపోతే క్వెరీ పెట్టండి.

"బీవీ అయి ఉండవచ్చు" అని రాస్తే అవుట్‌పేషెంట్‌లో బీవీ కోడ్ వేయకూడదు. అప్పుడు లక్షణమే డయాగ్నోసిస్: డిశ్చార్జ్‌కి ఎన్89.8, బయటి దురదకు ఎల్29.2. పరీక్ష నెగటివ్ వచ్చినా ఇవే. గర్భిణి అయితే ఐసీడీ 15వ అధ్యాయంలోని 'ఓ' అక్షరపు కోడ్ ముందుకొస్తుంది, వజైనోసిస్‌కి ఓ23.59 వరుసలో నెలలను బట్టి చివరి అంకె మారుతుంది, దాని వెనుక బి96.89, గర్భం వారాలు చెప్పే జెడ్3ఏ కోడ్.

## ఒక నోట్ తీసుకుందాం

"వెట్ ప్రెప్ స్వయంగా చూశాను: క్లూ కణాలు ఉన్నాయి, ట్రైకోమోనాస్ లేదు. కేఓహెచ్: ఈస్ట్ లేదు, విఫ్ పాజిటివ్. పీహెచ్ 5.0. బీవీ. మెట్రోనిడజోల్." పేషెంట్‌ది కమర్షియల్ ఇన్సూరెన్స్, క్లినిక్‌ది పీపీఎం.

దీనికి 87210 ఒక యూనిట్, 83986 క్యూడబ్ల్యూ. విఫ్‌కి ఏమీ లేదు. 87220 లేదు. ఎన్76.0, బి96.89. ఇదే పేషెంట్‌కి మెడికేర్ ఉంటే 87210 స్థానంలో క్యూ0111, క్యూ0112. ల్యాబ్ కోడ్‌లు ఉన్నాయి కదా అని ఈ-ఎం (డాక్టర్ విజిట్) కోడ్‌కి 25 మాడిఫయర్ తగిలించాల్సిన పని లేదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

సీపీసీ (కోడర్ సర్టిఫికేషన్) పరీక్షకు చదివేవాళ్లు కోడ్‌లు బట్టీ పట్టకండి. డైరెక్ట్ ప్రోబ్, ఆంప్లిఫైడ్ ప్రోబ్, క్వాంటిఫికేషన్ అని 87480, 87481, 87482 వరుసగా ఉండటం గమనించండి. 87510 నుంచి 87512 వరకూ అదే వరుస. ఆ క్రమం పట్టుబడితే ప్రశ్నలో జవాబు దానంతటదే కనిపిస్తుంది.

ప్రొడక్షన్‌లో ఉన్న కోడర్‌కి ఉపయోగపడేది క్లయింట్‌వారీ చిన్న షీట్: ఏ క్లినిక్‌కి ఏ సర్టిఫికెట్, ఏ బ్రాండ్ కిట్, ఏ మెషిన్. చార్ట్‌లో "ట్రైక్ టెస్ట్ పాజిటివ్" అని మాత్రమే ఉంటే అది స్ట్రిప్‌దా, మెషిన్‌దా అన్నది ఆ షీటే చెబుతుంది. క్లినిక్ కిట్ మార్చినప్పుడు మీకు చెప్పే బాధ్యత ఎవరిదో ముందే రాయించుకోండి. కిట్ మారినా పాత కోడ్‌నే నెలల తరబడి పంపిస్తూ ఉండటం ఇక్కడే జరుగుతుంది.

క్లినిక్ ఏ పరీక్ష పెట్టుకోవాలో సలహా అడిగితే, మైక్రోస్కోప్ చూసే అలవాటున్న ప్రొవైడర్లు ఉన్నచోట పీపీఎం మంచిది. ఖర్చు తక్కువ, ఒక్క స్లైడ్‌తో మూడు జబ్బుల ఆనవాళ్లూ దొరుకుతాయి. ప్రొవైడర్లు తరచూ మారే చోట వేవర్ కిట్‌లు మేలు. మాలిక్యులర్ ప్యానెల్ కచ్చితత్వంలో ముందుంటుంది, కానీ పేయర్ల పాలసీలు దాని మీదే ఎక్కువ కఠినంగా ఉంటాయి. కొనేముందు ఆ ప్రాంతపు పెద్ద పేయర్ల పాలసీలు చదవాలి.

రావాల్సిన బిల్లులు రాబట్టే ఏఆర్ టీమ్‌లో ఉన్నవాళ్లు, తిరస్కరణకు పేయర్ చెప్పిన కారణం, అంటే రిమార్క్ కోడ్ నుంచి వెనక్కి రండి. సీఓ-16తో ఎంఏ120 వస్తే క్లియా నంబర్ లేదు లేదా తప్పు. సీఎంఎస్-1500 క్లెయిమ్ ఫారంలో 23వ గడి చూడండి. క్లియా నంబర్‌కి పది స్థానాలు, మూడోది డి అక్షరం. బి7 వస్తే ఆ డేట్ ఆఫ్ సర్వీస్‌కి ఆ పరీక్ష చేసే అర్హత క్లినిక్‌కి లేదని అర్థం: క్యూడబ్ల్యూ మర్చిపోయి ఉండవచ్చు, రెండేళ్లకోసారి రెన్యూ కావాల్సిన సర్టిఫికెట్ గడువు దాటి ఉండవచ్చు, లేదా వేవర్ క్లినిక్ నుంచి వెట్ మౌంట్ వెళ్లి ఉండవచ్చు. మొదటి రెండూ సరిదిద్దుకోగలిగినవి. మూడోదాన్ని కోడ్ మార్చి పంపకూడదు, రైట్ ఆఫ్ చేసి (ఆ బిల్లు వదులుకుని) క్లయింట్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. సీఓ-97 (వేరే సేవ చెల్లింపులోనే కలిసి ఉందని) వస్తే ప్యానెల్‌తో పాటు విడి కోడ్ వెళ్లిందేమో చూడండి. సరిదిద్దిన క్లెయిమ్‌ను కమర్షియల్ పేయర్‌కి 22వ గడిలో 7, పక్కన పాత క్లెయిమ్ నంబర్ వేసి పంపాలి. మెడికేర్ నుంచి క్లెయిమ్ ఎంఏ130తో (ప్రాసెస్ చేయలేమని) తిరిగొస్తే దానికి అప్పీల్ ఉండదు, కొత్త క్లెయిమ్‌గానే పంపాలి.